కుడితి బకెట్టులో చెయ్యి

శుక్రవారంనాడు ఆవుకు పెట్టనిదే కన్యకమ్మగారు అన్నం ముట్టేవారు కాదు. తమిళ పట్నంలో తెలుగువాళ్ల పేట అయిన కొండితోపులో మా ఎదురిల్లు వారిది. ఆమె పెళ్లై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అదే నియమం. భర్త కోదండరామశెట్టిగారికి మింట్ వీధిలో పప్పుల దుకాణం. "మా ఇంటామెకు నా ఆకలికన్నా ఆవు ఆకలే ముందు" అని ఆయన నవ్వుతూ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఆవు పాలమనిషి పాప్పాత్తిది. పేరు సెల్వి. తొంభైల్లో ప్యాకెట్ పాలు వచ్చి ఊరంతా నిండినా, కాఫీకి మాత్రం కళ్లముందు పితికిన పాలే కావాలనే ఇళ్లు మా వీధిలో ఇంకా కొన్ని మిగిలాయి. పాప్పాత్తి తెల్లవారగానే సెల్విని తోలుకొచ్చి గడప ముందు పితికి పోసేది. ఆమెది తమిళం. తెలుగువాళ్ల వీధుల్లో పెరిగింది గనుక రెండూ కలిపి మాట్లాడేది.

పాత పెంకుటింట్లో గుమ్మం పక్కనే కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. శెట్టిగారు ఆ ఇల్లు పడగొట్టి మేడ కట్టాక వంటిల్లు రెండో అంతస్తుకు పోయింది, తొట్టి ఎటో పోయింది. కన్యకమ్మగారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

అప్పుడే దుకాణంలోకి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. అంతకుముందు పప్పును కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టేవారు. కొత్త కవరు మీద ఎర్రరంగులో తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి, కింద షాపు పేరు. ఇంట్లో అవి గుట్టలుగా చేరాయి. మామూలు కవరైతే కన్యకమ్మగారు చెత్తలో పడేసేవారు. లక్ష్మి ఉన్న కవరును ఎంగిలితోనూ దుమ్ముతోనూ కలపడానికి ఆమెకు చెయ్యాడలేదు. ఆవులో లక్ష్మి ఉంటుంది, కనుక ఆవు మేతకే ఈ కవరు తగినదని ఆమెకు తోచింది. తొక్కలూ మిగిలిన అన్నమూ అందులో వేసి, ముడివేసి, తాడు కట్టిన బుట్టలో బాల్కనీ నుంచి దించేవారు. పాప్పాత్తి ముడి విప్పి పెట్టేది. ఆమె పక్కింటి మెట్లెక్కి పాలు పోసి వచ్చేలోగా బుట్ట దిగిందా, సెల్వి ఆగేది కాదు. ఉప్పు తగిలిన గంజి వాసనకు కవరుతో సహా నమిలేసేది. పైనుంచి చూసేవారికి ఆవు వీపే కనిపిస్తుంది. బుట్ట ఖాళీగా పైకి వస్తే కన్యకమ్మగారికి తృప్తి.

కొంతకాలానికి సెల్వి నెమరు వేయడం మానేసింది. ఎడమడొక్క ఉబ్బిపోయింది. టెంపోలో ఎక్కించి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారని తెలిసింది. కొన్నాళ్లకు పాప్పాత్తి ఒక్కతే వీధిలోకి వచ్చింది. చేతిలో, కడిగి ఆరబెట్టిన కవరొకటి. కన్యకమ్మగారు రెయిలింగు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

"ఇది చూడమ్మా. సెల్వి కడుపు కోసి తీసినారు. గంపడుండాయి. వేరే షాపులవీ ఉండాయిలే. సామి బొమ్మ ఉండేది మాత్రం మీదే."

కన్యకమ్మగారు కవరు మీది లక్ష్మిని చూశారు. "బతికిందా?"

"బతికింది. మళ్లీ తింటే ఈ మారు కష్టమని డాక్టరు చెప్పినారు."

"పుణ్యానికని పెట్టినాను పాప్పాత్తీ."

"నీ పుణ్యం నా ఆవు మోయలేదమ్మా. ఇంక ఈ వీధికి తోలను. పెట్టింది తినబాకని దానికి నేను చెప్పలేను కదా. వేణాం మా, వద్దు."

కవరును మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం శెట్టిగారు తమకు తోచిన ఉపాయం చెప్పారు. "లక్ష్మి బొమ్మ తీయించేస్తాలే. అప్పుడెవురూ దాచిపెట్టుకోరు. చెత్తలో పారేస్తారు."

"చెత్తకుండీ కాడ మేసేది ఎవురండీ? ఆవు కాదా? బొమ్మ కాదు, కవరు తియ్యండి."

"పొట్లం కట్టే పనోడు ఈ కాలంలో ఏడ దొరుకుతాడు? చేతులూపుకుంటా వచ్చేవాడికి కవరు లేదంటే పక్క షాపుకు పోతాడు. ఎందుకు, నువ్వు కవరు లేకుండా ఈ కొంప నడుపు, చూస్తా!"

ఆయన ఎగతాళికే అన్నారు. ఆమె మాత్రం మర్నాటి నుంచే మొదలుపెట్టారు.

అనుకున్నంత తేలిక కాదని త్వరలోనే తెలిసింది. పూలమ్మి మల్లెలు కవరులో వేసి ఇచ్చేది. దోసెల పిండి కవరులో వచ్చేది. హోటల్లో ఇడ్లీ కడితే, వేడివేడి సాంబారు కూడా కవరులోనే ముడేసి ఇచ్చేవారు. ఆమె పూలకు అరిటాకు అడిగారు, పిండికి గిన్నె, హోటలుకు క్యారియరు పంపారు. సంచులు మాత్రం ఇంట్లోనే దొరికాయి. పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే పసుపు గుడ్డసంచులు, వధూవరుల పేర్లు అచ్చువేసినవి, ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటితోనే కోడలు సింధూరికి చిక్కు వచ్చింది.

"అత్తా, ఈ మంజప్పై, ఈ పసుపు సంచి, ఎత్తుకొని పోతే ఊరి నుంచి వచ్చి ఇప్పుడే సెంట్రల్లో రైలు దిగినావా అని అడుగుతారు."

"అడిగితే అవునను. మీ పుట్టినిల్లు గూడూరే కదా."

"దీని మీద పెళ్లికొడుకు పేరు చూసినారా? ముందు నన్ను చూడను వచ్చి, ముక్కు బాలేదని పోయినాడే, వాడే!"

"ఐతే మంచిదే. వాని చేత వంకాయలు మోయించు."

ఎదురు బాల్కనీలో పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు కూడా నవ్వాగలేదు. సింధూరి ఆ సంచే పట్టుకుని బజారుకు వెళ్లింది. ఆ తర్వాత కూడా, మరే సంచీ కాకుండా, అదే వెతికి తీసుకెళ్లేది.

ఎంత చేసినా ఒకటి మాత్రం మిగిలిపోయింది. పాప్పాత్తి రావడం మానేశాక ఆ ఇంటికి ప్యాకెట్ పాలే గతి. పొద్దున్నే ఆ ప్యాకెట్టుతో ప్లాస్టిక్కు గడప దాటి లోపలికి వచ్చేది. కన్యకమ్మగారు ఖాళీ ప్యాకెట్లు కడిగి కిటికీ ఊచలకు ఆరేసి, ఏం చెయ్యాలో తోచక వాటివంక చూస్తుండేవారు. శుక్రవారాలు అన్నం ముట్టకుండా ఒక అరటిపండుతో గడిపేవారు. దారిన పోయే ఆవు ఏదో ఒకదానికి పెట్టవచ్చు కదా అంటే, "నా వల్ల కడుపు కోయించుకున్నది ఆ ఆవు కాదు కదండీ" అన్నారు నాతో.

ఒకనాడు రిక్షా చేసుకుని కాలవగట్టున ఉన్న పాప్పాత్తి కొట్టం దగ్గరకు వెళ్లారు. తోడుకు నన్ను రమ్మన్నారు. సెల్వి డొక్క మీద కుట్ల చోట వెంట్రుకలు ఇంకా సరిగ్గా రాలేదు. కన్యకమ్మగారిని చూడగానే మెడ చాచి చేతులు వాసన చూసింది. కన్యకమ్మగారు ఏమీ తేలేదు. రెండు అరచేతులూ తెరిచి దానికి చూపించారు. అది ఉత్త చేతులనే నాకింది.

"కింద బకెట్టు పెట్టినాను. నేనే దిగొచ్చి పోస్తా. ఒకమారు నువ్వొచ్చి చూసుకో. నచ్చకపోతే పో" అన్నారు. పాప్పాత్తి గడ్డి దులిపి ఆవు ముందు వేసింది.

కొన్నాళ్లకు వచ్చింది, ఆవు లేకుండా. మెట్ల కింద బకెట్టు ముందు గొంతుక్కూచుని, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగంటా కలియబెట్టింది. తొక్కలు, తోటకూర కాడలు, మెత్తబడ్డ అన్నం. చెయ్యి బయటికి తీసేసరికి వేళ్లకు ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క అంటుకుని ఉంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించిన ముక్క.

"ఇదేందమ్మా?"

కన్యకమ్మగారి ముఖం పాలిపోయింది. తర్వాత ఏమనుకున్నారో, గొంతు పెంచారు. "నువ్వు పాలు పొయ్యకపోతే ఆ ముక్కలు కాక ఇంకేమొస్తాయే? ఇంట్లోకి వచ్చే ప్లాస్టిక్కు అదొక్కటే. అది మానిపించేది నీ చేతిలో ఉండాది. నా చేతిలో లేదు!"

పాప్పాత్తి ఆ ముక్కను గోటితో తీసి చూసింది. చాలా రోజులకు నవ్వింది. "నన్నే తిడతా ఉండావా? సెరి, రేపు గిన్నె కడిగి పెట్టు."

మర్నాడు సెల్వి మా వీధిలోకి వచ్చింది. పాలు మునుపటిలా లేవు, తక్కువే. కన్యకమ్మగారు గిన్నె పట్టుకుని కిందికి దిగి నిలబడ్డారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లోంచి చారు పోపు వాసన మా ఇంటిదాకా వచ్చింది.

శెట్టిగారు కవర్లు పూర్తిగా మానలేదు. పెద్ద సరుకుకు కవరే ఇచ్చేవారు. చిన్న బేరాలకు మాత్రం పాత పేపర్లూ పురికొసా మళ్లీ గల్లా పక్కకు వచ్చాయి. పొట్లం కట్టడం తానే చేసేవారు. "మా ఇంటామె గెలిచింది సగమే" అనేవారు.

పాప్పాత్తి మాత్రం ఆ తర్వాత ఎన్నాళ్లు వచ్చినా, ముందు బకెట్టులో చెయ్యి పెట్టి అడుగుదాకా తడమనిదే ఆవును దగ్గరకు రానిచ్చేది కాదు. "ఇంకా నమ్మకం లేదేందే?" అని సింధూరి ఒకసారి కసురుకుంది. కన్యకమ్మగారు కోడలిని ఆపారు.

"చూడనీ. పైనుంచి బుట్ట దించినప్పుడే ఎవురన్నా కిందికొచ్చి ఇట్లా చూసుంటే బాగుండు" అని, తడిసిన చెయ్యి తుడుచుకోవడానికి పాప్పాత్తికి తన కొంగు చివర అందించారు.