టేపు వద్దా?

మా ఇంటికి ఎవరొచ్చినా నేను అడిగే మాట ఒకటే ఉండేది: "కాఫీ తాగరు కదా?" అలా అడిగితే వచ్చినవాళ్ళలో సగం మంది "అవునండీ, ఇప్పుడే తాగి వచ్చాం" అనేవారు. సినిమావాళ్ళు మద్రాసు నుంచి తరలి వస్తున్న రోజుల్లో మేమూ వాళ్ళతోపాటు వచ్చి ఫిల్మ్ నగర్‌లో అద్దెకు దిగాం. అల్లుడిది సౌండు పని కావడంతో ఇంటికి వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. పాలు ఎన్నని పోయించుకుంటాం? అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఆ ప్రశ్న ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది.

ఆ ప్రశ్న వింటూ పెరిగింది మా మనవరాలు. తొంభైల చివర్లో దానికి మా వీధి దిగువనే, సినిమాలకు కంప్యూటర్ మీద బొమ్మలు చేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఏం పని చేస్తావే అని అడిగితే, కెర్నల్ తయారు చేస్తానంది.

"అంటే?"

"కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రాం అమ్మమ్మా. డిస్కులు, తెర, చేసిన పనికి నకలు దాచే టేపు, అన్నీ దాని మాటే వింటాయి. దాన్ని తయారు చేసేటప్పుడే ఏ సామాను ఉంటుందో చెప్పేయాలి. అప్పుడు చెప్పకపోతే, తర్వాత తెచ్చి పక్కన పెట్టినా గుర్తుపట్టదు."

"అన్నీ పెట్టేస్తే పోలా?"

"బరువైపోతుంది. మా మిషన్లకు మెమరీ తక్కువ. నువ్వు పచారీ సామాను తెచ్చినట్టు చేయాలి."

ఆ మాట నాకు నచ్చింది. కావలసిందే ఉంచి మిగతాది తీసేయడం తెలిసిన పిల్ల బాగుపడుతుందనుకున్నాను.

ఒక్కో మిషన్‌కు ఒక్కో రకం సామాను ఉండేది. అందుకని కెర్నల్ తయారు చేసే మనిషిని కంప్యూటరే వరసగా ప్రశ్నలు అడిగేలా మనవరాలు రాసి పెట్టింది. వై నొక్కితే ఆ సామాను లోపలికి, ఎన్ నొక్కితే బయటికి. ప్రశ్నలు ఇంగ్లీషులోనే రాసింది కానీ అడిగిన తీరు మాత్రం నాదే. ఇది వద్దా, అది వద్దా అని.

ఒకసారి దీనికి జ్వరం వచ్చి మంచం మీద ఉండగా ఆఫీసుకు కొత్త మిషన్ వచ్చింది. దానికి కెర్నల్‌ను అక్కడ మిషన్లు నడిపే ఆపరేటర్ తయారు చేశాడు. అతను కృష్ణానగర్‌లో ఒకే గదిలో పెళ్ళాం పిల్లలతో ఉండేవాడు. ఫిల్మ్ ముక్కలు అతికించే పని తగ్గిపోయాక, నడివయసులో కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. ఆ మిషన్ మీద ఒక పాటకు బొమ్మలన్నీ చేశారు. చేసింది ఏ రోజుకు ఆ రోజు టేపు మీదికి ఎక్కుతోందనుకున్నారు. ఎక్కలేదు. ఆ కెర్నల్‌కు టేపు అనేదొకటి ఉందనే తెలియదు. డిస్కు చెడిపోయిన రోజున ఆ సంగతి బయటపడింది. పాట మొత్తం పోయింది.

ఓనరు జూబ్లీ హిల్స్‌లో తన ఇంటికి ఆపరేటర్‌ను పిలిపించి, సోమవారం నుంచి రావద్దన్నాడు.

శనివారం సాయంత్రం అతను మా ఇంటికొచ్చాడు.

"మేడం ఉన్నదా అమ్మా?"

"ఉంది, కూర్చో బాబూ. కాఫీ తాగవు కదా?"

"అవునమ్మా," అని వరండాలో కూర్చున్నాడు. నేను వంటింట్లోకి పోలేదు.

మనవరాలు వచ్చి అడిగింది. "అన్నా, టేపు దగ్గర మీరు ఏం నొక్కారు?"

"గదే చెప్దామని వచ్చిన మేడం. టేపు వద్దా అని అడిగింది. ఎందుకొద్దు, కావాలె. కాదు అని ఎన్ కొట్టిన."

"ఎన్ కొడితే తీసేస్తుంది కదన్నా."

"నాకేమెరుక? వద్దా అంటే కాదు అనే అంటం. అవునంటే వద్దన్నట్టాయె."

మనవరాలు నా వంక చూసి, అతన్ని అడిగింది. "ఇందాక అమ్మమ్మ కాఫీ తాగవు కదా అంటే అవునన్నారు. తాగుతాననా, తాగననా?"

"తాగననే మేడం. ఆమె అట్ల అడిగినంక తాగుతనని ఎవరంటరు?"



అతను వెళ్ళాక మనవరాలు నా దగ్గరే కూర్చుంది. "ఇంగ్లీషు లెక్కన ఎన్ అంటే వద్దని. మన లెక్కన వద్దా అన్నప్పుడు కాదంటే, కావాలని. తప్పు అతనిది కాదు అమ్మమ్మా, నా ప్రశ్నది. ఓనరుకు చెబితే అతన్ని ఉంచుతారు. నా సంగతే తెలియదు."

"అడిగినదానివి నువ్వు," అన్నాను. "పోయి చెప్పు."

ఆదివారం అతన్ని మళ్ళీ పిలిపించింది. వరండాలో కూర్చుని ప్రశ్నలన్నీ ముందు తెలుగులో, కాగితం మీద తిరగరాసింది. రాసిన ప్రతి ప్రశ్నా అతను చదివి, ఏ మీట నొక్కుతాడో చెప్పాలి. అతను తడబడిన చోటల్లా కొట్టేసి మళ్ళీ రాసేది.

"'తీసివేత ఆపాలా' అంటే ఏంది మేడం? ఆపాలెనా, తియ్యాలెనా?"

"నాకూ తెలియడం లేదన్నా," అని కొట్టేసింది.

టేపు ప్రశ్న చివరికి ఇలా తేలింది. ఈ మిషన్‌కు టేపు కావాలా? వై అంటే టేపు పనిచేస్తుంది. ఎన్ అంటే పనిచేయదు, చేసిన పని దాచడానికి వేరే దారి మీరే చూసుకోవాలి. తెలియకపోతే వై నొక్కండి.

అది నాకు నచ్చలేదు. "తెలియకపోతే వద్దనాలి గానీ కావాలనడమేమిటే?"

"సౌండు కార్డుకు వద్దనే రాశాను. అది లేకపోతే శబ్దం రాదు, అంతే. టేపు లేకపోతే చేసిన పనంతా పోతుంది. రెండూ ఒకటి కాదు అమ్మమ్మా."

సోమవారం ఆ కాగితాలు పట్టుకుని ఓనరు ఇంటికి పోయింది. చెప్పమన్నది నేనే. అయినా అది మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి అన్నం అడుగంటింది. నా చేతిలో అన్నం మాడటం ఎవరూ ఎరగరు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఆపరేటర్‌ను ఉంచారు, పాట మళ్ళీ మొదలుపెట్టాలి. దీన్ని కూడా ఉంచారు కానీ కెర్నల్ పని ఇంకొకరికి ఇచ్చారు. తిరగరాసిన ప్రశ్నలు కూడా వాళ్ళకే పోయాయి. ఇకమీదట ఇది టేపులకు చీటీలు అంటించి బీరువాలో సర్దాలి.

మాడు తీసి, పైనున్న అన్నం వడ్డించాను. ఇది తల వంచుకుని కలుపుతోంది.

"బాధగా లేదు కదా?" అన్నాను.

"ఊఁ," అంది.

ఉందనో, లేదనో నాకు తెలియలేదు. మజ్జిగ గిన్నె పక్కన పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాను.

"బాధగా ఉందా?"

"ఉంది అమ్మమ్మా," అంది.