ఊరికే వచ్చిన జీతం

ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తానంటే నేను ఆ వస్తువు వంక చూడను, ఇచ్చేవాడి మొహం వంక చూస్తాను. ఇది నాకు బడి నేర్పలేదు. బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. రాయపూర్ బియ్యం మిల్లు నేర్పింది.

పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చేసరికి మా ఆయన రైల్వేలో ఖలాసీ. ఆయన తమ్ముడూ అంతే. ఆ తమ్ముడి భార్య, అంటే నా తోటికోడలు, మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను ‘అప్పా’ అని పిలుస్తుంది. మగవాళ్ళ జీతాలు నెలాఖరు దాకా వచ్చేవి కావు. అందుకని మేమిద్దరం మిల్లులో కళ్ళం పనికి కుదిరాం. ఉడకబెట్టిన వడ్లు సిమెంటు కళ్ళం మీద పోస్తారు. ఆడవాళ్ళం వరసగా నడుస్తూ పాదాలతో వాటిని తిరగెయ్యాలి. కింద సిమెంటు కాలుతుంది, పైన ఎండ కాలుతుంది. వడ్లు ఎండాయో లేదో గింజ కొరికి చెప్పడం మా తోటికోడలి వంతు. ఆమె ‘ఎత్తండర్రా’ అనేదాకా ఎవరూ పార ముట్టేవారు కాదు.

ఒకసారి మిల్లు లెక్కలు చూసే మునీమ్ మా కూలి కోశాడు. బతిమాలాం, వినలేదు. ఇంతలో పడమట మబ్బు పట్టింది. మేమంతా వెళ్ళి కళ్ళం మీద ఆరుతున్న వడ్ల మీదే చతికిలబడ్డాం. మిల్లు యజమాని పెద్ద సేఠ్ ధోవతి ఎగ్గట్టుకుని తనే పరుగెత్తుకొచ్చి, కోసిన కూలి అక్కడికక్కడే ఇప్పించాడు. తడిస్తే నష్టం ఆయనది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అంతకు మించి మా మధ్య ప్రేమలేమీ లేవు. ఉండాలని నేను కోరుకోలేదు కూడా.

పెద్ద సేఠ్ పోయాక చదువుకున్న కొడుకొచ్చాడు. వడ్లు ఆరబెట్టే మెషీను తెచ్చాడు. కళ్ళం మీద ఆడవాళ్ళతో పని లేకుండా పోయింది. వయసులో ఉన్నవాళ్ళు చేతిలో పెట్టింది తీసుకుని సిల్తారా ఇనుము ఫ్యాక్టరీలకు లారీలెక్కి పోయారు. ముసలివాళ్ళం మేమిద్దరమే మిగిలాం. చిన్న సేఠ్ మమ్మల్ని తన గదిలోకి పిలిచి కుర్చీలు వేయించాడు. అన్నేళ్ళలో ఆ గదిలో మాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

“నాన్నగారి కాలం నాటివాళ్ళు మీరు. ప్రతి నెలా ఒకటో తారీఖున గేటు దగ్గర జీతం తీసుకోండి. పనికి రానక్కర్లేదు. ఆరామ్ కరో, అమ్మా” అన్నాడు హిందీలో.

“ఎందుకు?” అన్నాను.

నవ్వాడు. “ఎందుకేమిటమ్మా! కూర్చోండి, తినండి.”

దారిలో మా తోటికోడలు కళ్ళొత్తుకుంది. “దేవుడులాంటోడప్పా, ఆ బాబు.”

“దేవుడైతే గుళ్ళో ఉంటాడు. మిల్లు పెట్టుకోడు.”

“నీకన్నిట్లోనూ అనుమానమే. సిల్లుకుండలో కూడా పాముందంటావు.”

“చిల్లుకుండలో ఉంటే కనబడుతుంది. మూతేసిన కుండతోనే నాకు భయం.”

మా బస్తీ మిల్లు గోడ వెనకే. ఆ జాగా మీద కన్నేశాడేమో అనుకున్నాను. లేబర్ ఆఫీసు వాళ్ళకు చూపించడానికి మా పేర్లు కావాలేమో అనుకున్నాను. ఎన్నికల్లో నిలబడతాడేమోనని కూడా అనుకున్నాను. గేటు కాపలావాడిని అడిగాను, పాన్ దుకాణం వాడిని అడిగాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం నాకు మరీ నచ్చలేదు.

అలాగని డబ్బు తీసుకోకుండా ఉన్నానా? తీసుకున్నాను. అనుమానం వేరు, ఉప్పూ చింతపండూ వేరు.

నెలలు గడిచే కొద్దీ మా తోటికోడలి ఇంట్లో ఒకటి కనిపెట్టాను. అప్పటికే ఆమె మొగుడు లేడు. కొడుకు, కోడలు. కోడలు చెడ్డది కాదు. కళ్ళం నుంచి అత్త వచ్చే వేళకు కాళ్ళకు వేణ్ణీళ్ళు పెట్టేది, పనిమీంచొచ్చిన మనిషని అందరికంటే ముందు కంచం పెట్టేది. ఇప్పుడూ అత్త అదే డబ్బు తెచ్చి అదే కోడలి చేతిలో పోస్తోంది. కంచం మాత్రం ఆఖరున వస్తోంది. “నువ్వింట్లోనే ఉంటావు కదత్తా, తరవాత తిందువులే” అంటుంది కోడలు, మామూలుగానే. అందులో కోపం లేదు. అదే నన్ను కలవరపెట్టింది. కోపమైతే తిరిగి ఒక మాట అనొచ్చు.

తోటికోడలు తల దువ్వుకోవడం మానేసింది. మధ్యాహ్నం మిల్లు గోడకానుకుని కూర్చుని లోపలి మెషీను చప్పుడు వింటూ ఉండేది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే ఒకరోజు అంది: “అప్పా, నానెందుకూ పనికిరానని కదా, ఆ బాబు డబ్బులిస్తన్నాడు?”

నన్నంటే అనుమానాలే నిలబెడతాయి. ఆమెకు అవీ లేవు. అన్నం ముద్ద కూడా సగంలో వదిలేస్తోంది. ఇలాగే ఉంటే ఈ మనిషి వానాకాలం దాటదనిపించింది.

మర్నాడే చిన్న సేఠ్ దగ్గరికి వెళ్ళాను. “బాబూ, డబ్బుతో పాటు పని కూడా ఇవ్వండి.”

“ఏం పని చేస్తావమ్మా? మెషీను తిప్పుతావా?” అన్నాడు. గుమాస్తాలు నవ్వారు.

“ఊడుస్తాం.”

“దానికి కాంట్రాక్టు ఉంది.”

“గోతాలు కుడతాం.”

“అదీ మెషీనే.”

“సరే, ఒక మాట అడుగుతాను. మీరు ఈ డబ్బు ఆపేస్తే?”

నవ్వు పోయింది. “నేనెందుకు ఆపుతాను?”

“ఆపుతారని కాదు. మీరు ఆపితే, మేం మీకు ఏం ఆపగలం?”

వాచీ చూసుకున్నాడు. నాకు టీ ఇమ్మని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ టీ నేను తాగలేదు. ఆయన పెట్టే అన్నం మేం తింటున్నాం గానీ, ఆపడానికి మా చేతుల్లో ఆయనది గింజ కూడా లేదు. అలాంటి చోట మర్యాద ఎంతున్నా నాకు నమ్మకం కుదరదు.

బయటికొస్తే రోడ్డు మీద సిల్తారా వెళ్ళే లారీ నిలబడి ఉంది. మా బస్తీలోనే ఉండే ఒక తెలుగు పిల్ల చంటిదాన్ని ఎత్తుకుని డ్రైవరుతో గొడవ పడుతోంది. బిడ్డతో ఎక్కనివ్వనంటాడు వాడు. ఇంట్లో చూసే దిక్కు లేదంటుంది ఆమె. నేను చంటిదాన్ని లాక్కుని “నువ్వెక్కు” అన్నాను. తిన్నగా తీసుకెళ్ళి గోడ దగ్గర కూర్చున్న మా తోటికోడలి ఒళ్ళో పడేశాను.

“ఇదేటప్పా, ఎవుల పిల్ల?”

“సాయంత్రం దాకా నీదే. ఏడిస్తే నిన్నే అడుగుతారు.”

సాయంత్రం ఆ తల్లి వచ్చి దణ్ణం పెట్టబోతే నేను ఆపాను. “దణ్ణాలొద్దు. రోజుకు గిద్దెడు బియ్యం తేవాలి.”

“నాలుగిళ్ళవతలోలం, ఊరికే సూడరేటమ్మా?” అని మొహం ముడుచుకుంది.

“ఊరికే చూస్తే, పిల్లెందుకు ఏడ్చిందని నువ్వు అడగలేవు. అడగలేని చోట పిల్లని వదలకు.”

వారం తిరక్కుండా లారీలెక్కే తల్లులు ఇంకొందరొచ్చారు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు కూడా. వాళ్ళ భాష మా తోటికోడలికి సగమే వచ్చు. పిల్లలకు ఏ భాషా రాదు కనక ఇబ్బంది లేకపోయింది. ఇల్లు గోలగోలైపోయిందని కోడలు సణిగింది.

మిల్లు డబ్బు ఈనాటికీ వస్తోంది. ఆయన ఎందుకిస్తున్నాడో ఈనాటికీ నాకు తెలియదు. ఒకటో తారీఖున గేటు దగ్గర ఆయన కారు కనబడితే అద్దంలోంచి ఆ మొహం వంక చూస్తూనే ఉంటాను. ఆయన తల తిప్పుకుంటాడు. మంచివాడే కావచ్చు. అయినా చూడ్డం మాత్రం మాననే మానను.

ఆ మొదటి చంటిదాని తల్లి ఒకరోజు కుళాయి దగ్గర అందరి ముందూ మా తోటికోడలి మీద లేచింది.

“గిద్దెడు బియ్యం తీసుకోనేదా? పిల్లకి జాంపండెట్టి కడుపు పాడు సేస్తావా?”

మా తోటికోడలు బిందె కింద పెట్టేసింది. “జాంపండు నానెట్నేదు! నీ పెనిమిటి తెచ్చెట్టాడు, వాడినడుగు! పిల్లల్ని సాకడం నాకు సెప్తావా? నిన్నగాక మొన్న పుట్టినదానివి! రేపట్నుంచి తేకు!”

“తేను!”

“తెస్తే సూడు!”

ఇద్దరి గొంతులూ బస్తీ చివరిదాకా వినబడ్డాయి. నేను జోక్యం చేసుకోలేదు. హాయిగా నీళ్ళు పట్టుకున్నాను.

మర్నాడు లారీ హారన్ వినబడే వేళకు ఆ తల్లి గుమ్మంలో నిలబడింది. ఒక చంకన చంటిది, రెండో చేతిలో గిద్ద. నిన్నటి మాటలకు పరిహారమేమో, బియ్యం గోపురంలా పోసి తెచ్చింది. మా తోటికోడలు ముందు పిల్లని అందుకుంది. తరవాత గిద్ద తీసుకుని, అంచుకు సమంగా అరచేత్తో తుడిచి, పైనున్న బియ్యం ఆమె కొంగులోనే పోసేసింది.

“ఎల్లు, లారీ ఎల్లిపోద్ది” అంది కసురుతూ.