దోమతెర లోపల నేను, బయట మా ఆవిడ

సంతానం కోసం తపస్సు చేసినవాళ్ళ గురించి మీరు విని ఉంటారు. సంతానం కలగకుండా ఏడాది పొడుగునా తపస్సు చేసి, ఎందుకు కలగలేదా అని ఏడ్చిన మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నారు.

రెండో ప్రపంచ యుద్ధకాలం. పెళ్ళైన కొత్తలో గురజాలలో నాకు ఎముకలు విరిచే జ్వరం వచ్చింది. నా మూలుగులు మాచర్ల దాకా వినిపించాయంటారు, నేను కాదనను. తగ్గాక నరసరావుపేట డాక్టరుగారు, "ఇది దోమకాటుతో వచ్చేది. ఇంత జ్వరం కాస్తే మగాడికి బీజబలం తగ్గొచ్చు. కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది. మళ్ళీ దోమలతో కుట్టించుకోకు" అన్నారు.

ఆ చివరి మాటొక్కటే నా బుర్రకెక్కింది. గుడ్డ దొరకని ఆ రోజుల్లో బజారంతా గాలించి దోమతెర సంపాదించాను. ఒక్క మంచానికి, ఒక్క మనిషికి సరిపోయేది. పొద్దుగూకగానే అందులో దూరి, అంచులు పరుపు కిందకు దోపి, కోటలో రాజులా పడుకునేవాణ్ణి.

"కాసేపు బయటికి రావయ్యా, మాట్లాడుకుందాం" అనేది మా సుబ్బులు.

"అమ్మో, దోమలు! మన బిడ్డ కోసమేనే ఇదంతా!"

తెల్లటి తెర అవతల ఆమె మంచులో బొమ్మలా కనిపించేది. పక్కింటి ఉయ్యాల చప్పుడుకి తల తిప్పేది. నాకు గుండె పీకేది. చెయ్యి చాపితే అందేంత దూరం. చాపితే తెర లేస్తుంది, తెర లేస్తే దోమ దూరుతుంది, దోమ దూరితే వంశమే మునుగుతుంది! చెయ్యి ముడుచుకునేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి మా అమ్మ కోడలి మీద పడింది. "ఏమే, నీ కడుపు పండదేందే? అమరావతి పోయి మొక్కుకుందాం పద."

సుబ్బులు కళ్ళు తుడుచుకుంది. చూడలేక ఇద్దర్నీ వెంటేసుకుని డాక్టరుగారి దగ్గరికి పోయాను.

"నా బీజం ఎండిపోయిందేమోనండీ. చానా జాగ్రత్తగా ఉన్నా, రాత్రంతా తెరలోనే!"

"మరి మీ ఆవిడ?"

"నేను బయటండీ, ఏడాది నుంచీ" అంది సుబ్బులు. "అత్తమ్మేమో నన్ను గొడ్రాలంటంది."

మా అమ్మ నావైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు లోపల, అది బయటా? పిల్లలు ఆకాశంలోంచి రాలతారంట్రా?"

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఆ జ్వరం తెచ్చే దోమ పగలు కుడుతుందయ్యా. పగలేం చేస్తుంటావ్?"

"నీళ్ళ తొట్టి పక్కన చొక్కా విప్పుకుని పేకాడుతుంటానండీ."

"అంటే పగలు దోమలకి విందు పెట్టి, రాత్రి పెళ్ళాం నుంచి దాక్కున్నావన్నమాట!"

తిరుగు ప్రయాణంలో, పెట్రోలు కరువై బొగ్గు మీద నడిచే బస్సు దగ్గుతూ పోతోంది. సుబ్బులు కిటికీలోంచి బయటికే చూస్తోంది. భయంభయంగా ఆమె చేతిమీద చెయ్యి వేశాను. ఆమె తీసెయ్యలేదు.

పాఠక మహాశయులారా, పల్నాడు నడిబొడ్డున నిలబడి శపథం చేస్తున్నాను: ఇకమీదట దోమలకు జడిసి తెర కడితే పట్టపగలే కడతాను. అదీ ఇద్దరు పట్టేదే!