తాళంచెవితో పాటు ఇచ్చిన పీట

మొన్న మా అమ్మాయి చిన్ని కోసం కాకినాడలో ఇల్లు చూడ్డానికి వెళ్లాం. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. ఓనరు చెప్పాడని గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్తే గదులు బాగానే ఉన్నాయి, గాలీ వెలుతురూ ఉన్నాయి, ఫ్రిజ్ కూడా ఓనరుదే, వాడుకోవచ్చట. నాకున్న అలవాటు కొద్దీ చేతిని తిరగేసి, వేళ్ల వెనక వైపుతో ఫ్రిజ్ తలుపు అంచు మీద అలా రాసి చూశాను. చిమచిమలాడింది. చటుక్కున చెయ్యి తీసేశాను. ఓనరు నవ్వేసి, "ఆ, కొంచెం జిల్లుమంటుందండీ, అంతే! ఇంట్లో చెప్పులేసుకు తిరిగితే ఏమీ ఉండదు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్న మాటకి అంత మంటేంటని చిన్ని నాకేసి చూసింది. ఆ మంట నాకు అంటించినావిడ పేరు కామేశ్వరి గారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

చిన్ని నెలల పిల్లగా ఉన్నప్పుడు మేం రాజమండ్రిలో ఓ వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. మధ్యలో వాకిలి, చుట్టూ వాటాలు. ఆ ఇంటికో ఆచారం ఉండేది, ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. కొత్తగా దిగినవాళ్లకి ఓనరుగారు తాళంచెవితో పాటు ఒక చెక్కపీట చేతికిచ్చేవారు. "పక్కా టేకండి. ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు దీని మీద నిలబడండి, గ్రైండరు వేసేటప్పుడూ అంతే," అని మర్యాదగా చెప్పేవారు. మంచాయనే. నుదుట విభూతి, నోట్లో 'అండి' లేకుండా మాట రాదు. మేమూ ఆ పీటని పూజసామానులా అందుకుని ఫ్రిజ్ ముందు వేసుకున్నాం. అందరిళ్లలోనూ ఉంది కదా! పీటెక్కి పాలు తీయడం, పీటెక్కి పెరుగు పెట్టడం. ఇదేంటని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

పిన్నిగారు పక్క వాటాలోకి మా తర్వాత వచ్చారు. అమలాపురం వైపు మనిషి, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఒంటి మనిషి, గొంతు మాత్రం పదిమంది పెట్టు. మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు నాకో ఇస్త్రీపెట్టె పంపించాడు. దాని ప్లగ్గుకి బల్లపరుపు కాళ్లు, మన గోడకి గుండ్రటి కన్నాలు. మా ఆయన ఆ ప్లగ్గు కోసేసి, రెండు వైర్లు నేరుగా కన్నాల్లో పెట్టి అగ్గిపుల్లలు బిగించబోతున్నారు. పచ్చ వైరుని వెనక్కి మడిచి టేపు చుట్టేశారు. సరిగ్గా అప్పుడే ఆవిడ పంచదార కోసం వచ్చారు.

"అదేంటి బాబూ, పచ్చదాన్ని చుట్టేశారు?"

"అది ఎక్స్‌ట్రా వైరండీ."

"ఎక్స్‌ట్రానా! హవ్వ! మనిషిని బతికించేది ఎక్స్‌ట్రా, బట్టలు కాల్చేది అసలూనా?"

మా ఆయన మొహం చూడాలి! ఆవిడే బజారుకెళ్లి మూడు పిన్నుల ప్లగ్గు తెచ్చి, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని పాఠం మొదలెట్టారు. ఫోను చార్జరులాంటివాటికి ఒళ్లంతా ప్లాస్టిక్కు, వాటికి రెండు పిన్నులు చాలు. ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, గ్రైండరు, ఇవి ఇనుప ఒళ్లు. లోపల ఎక్కడైనా వైరు తెగి ఒంటికి తగిలిందా, కరెంటు ఆ ఇనుము మీద కూర్చుని ఎవరు ముట్టుకుంటారా అని చూస్తుంది. దాన్ని మనకంటే ముందు భూమిలోకి లాక్కెళ్లే దారే ఆ పచ్చ వైరు, ఎర్త్ అంటారు. "దేశదేశానికీ కాళ్ల తీరు మారుతుందమ్మాయ్, ఆ మూడోదాని పని మాత్రం మారదు. ఈ లావు పిన్ను చూడు, మిగతా రెంటికంటే పొడుగు. ఎందుకో తెలుసా? పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అది తగలాలి. తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న అది వదలాలి. రక్షణ లేకుండా ఒక్క క్షణం కూడా కరెంటు రాకూడదని."

ప్లగ్గు బిగించాక ఆవిడకి అనుమానం వచ్చింది. ఇంటికెళ్లి ఒక హోల్డరు తెచ్చారు. దానికి చిన్న బల్బు, రెండు వైర్లు. ఒక వైరు కరెంటొచ్చే కన్నంలో, రెండోది పక్క కన్నంలో పెడితే బల్బు వెలిగింది. రెండోదాన్ని తీసి పైన ఉన్న పెద్ద కన్నంలో పెట్టారు. వెలగలేదు. ఇంకో బోర్డులోనూ అంతే. స్క్రూలు విప్పించి చూస్తే ఆ కన్నం వెనక వైరే లేదు, గోడ ఉంది. ఇల్లంతా మూడేసి కన్నాల బోర్డులు పెట్టించారు, మూడోది అలంకారానికి. ఆవిడ ఫ్రిజ్ ముందున్న పీటకేసి చూశారు. "అందుకన్నమాట ఇది," అన్నారు.

వెంటనే ఓనరుగారికి కబురు పెట్టారు. ఆయన విని నవ్వేశారు. చిన్న షాకేనండీ, ఇన్నేళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదు కదండీ, అన్నారు. మా ఆయన కూడా, "వదిలెయ్యవే, ఈ అద్దెలో ఇంకో ఇల్లు దొరుకుతుందా," అని నసిగారు. నేనూ పీటెక్కుతూనే ఉన్నాను. ఆ రోజుల్లోనే చిన్ని పాకడం మొదలెట్టింది. ఒక మధ్యాహ్నం తడిగుడ్డ పెట్టి నేల తుడిచి ఇటు తిరిగానో లేదో, అది పీటని దాటి పాక్కుంటూ వెళ్లి ఫ్రిజ్ తలుపుకి అరచెయ్యి ఆనించింది. కెవ్వుమని వెనక్కి పడింది. దాన్ని ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తాను. పిన్నిగారు దాని చెయ్యి, కాళ్లు, కళ్లు అన్నీ చూసి, ఏం కాలేదని నాకు నచ్చజెప్పి, అప్పుడు కూలబడ్డారు.

"అమ్మాయ్, దీనికి పీటెక్కడం వచ్చా?" అని అడిగారు.

సాయంత్రం ఓనరుగారు స్వయంగా వచ్చి పరామర్శించారు. బాధగానే వచ్చారు, అబద్ధమాడను. అంతా విని ఆయనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అయ్యయ్యో, పాపకి చిన్న పీటొకటి చేయిస్తాలెండి."

పిన్నిగారు శుక్రవారం రానిచ్చారు. ప్రతి శుక్రవారం ఓనరుగారు వాకిట్లో తులసికోటకి దీపం పెట్టడానికి వచ్చేవారు, చెప్పులు వీధి గేటు దగ్గరే విడిచి. దీపం పెట్టి లేచేసరికి వాటాలవాళ్లందరూ మా వసారాలో నిలబడి ఉన్నారు. పిన్నిగారు పిలిపించారు. "ఒక్కసారి లోపలికి రండి," అని ఆయన్ని మా వంటింట్లోకి తీసుకొచ్చారు. నేల అప్పుడే తుడిచి ఉంది. పీట లేదు.

"ఫ్రిజ్ తలుపు తీయండి."

"ఎందుకండీ ఇప్పుడు?"

"చిన్న షాకే అన్నారుగా. ఎవరికీ ఏమీ కాలేదన్నారుగా. పసిపిల్ల ముట్టుకుంది, మీరు ముట్టుకోలేరా?"

ఆయన చెయ్యి చాపారు. అంగుళం దూరంలో ఆ చెయ్యి ఆగింది. అందరూ చూస్తున్నారు. ఆయన కాళ్ల చుట్టూ నేలంతా వెతికి, "పీటేదండీ?" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. పిన్నిగారు కూడా గొంతు పెంచలేదు. "అదండీ. మీ ప్రాణానికి కావాల్సొచ్చింది చూశారా," అన్నారు. ఆయన తల దించుకుని వెళ్లిపోయారు. అందరూ కదిలాక నన్ను పిలిచి ఫ్రిజ్ వెనక చూపించారు. ప్లగ్గు ఊడదీసి నేల మీద పడుంది. "ఆయనకేమన్నా అయితే? నాకు ఎర్త్ కావాలమ్మాయ్, శవం కాదు," అన్నారు. అప్పుడు నవ్వాను చూడండి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

ఎర్త్ వేయించడానికి ఆయన ఒప్పుకున్నారు. కానీ పిన్నిగార్ని మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. పరువు పోయింది కదా మరి! నాకు ఏడుపొచ్చింది, మేమూ ఖాళీ చేస్తామన్నాను. ఆవిడ కసిరారు. "నోర్ముయ్. నువ్వూ పోతే ఆ మూడో కన్నంలో వైరు పెట్టారో లేదో చూసేదెవరు?" ఓనరుగారికి మాత్రం, ఆఖరి బోర్డులో బల్బు వెలిగాక కదుల్తానని కబురంపారు. పెరట్లో గొయ్యి తవ్వారు. గోదావరి పక్క నేల, కాస్త లోతుకే చెమ్మ తగిలింది. పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోస్తుంటే ఆవిడ గట్టున కుర్చీ వేసుక్కూర్చుని, "ఉప్పు దగ్గర పిసినారితనం చెయ్యకండి!" అని అరిచేవారు. ప్రతి వాటాకీ పచ్చ వైరు లాగారు. ఆవిడ హోల్డరు పట్టుకుని గోడ గోడకీ తిరిగారు. మా వంటింటి బోర్డు ఆఖరుది. మూడో కన్నంలో వైరు పెట్టగానే బల్బు ఠక్కున వెలిగింది. చిన్ని నా చంకలోంచి దానికేసి చేతులు చాపింది.

మర్నాడు లారీ వచ్చింది. పిన్నిగారు సామానంతా ఎక్కించాక ఓనరుగారి గుమ్మంలోకెళ్లి తాళంచెవీ, పీటా రెండూ ఆయన చేతిలో పెట్టారు. వెనక్కి చూస్తే మేమందరం వరసగా నిలబడి ఉన్నాం, ఎవరి పీట వాళ్ల చేతిలో. ఆ పీటలన్నీ ఆయన గుమ్మం ముందు పేర్చేశాం. లారీ ఎక్కే ముందు ఆవిడ హోల్డరు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తని సర్దుకుపోవడంతో కలపకమ్మాయ్," అన్నారు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ హోల్డరు ఉంది, వైర్లు మార్చాను, బల్బులు మార్చాను, అది నా బ్యాగులోంచి బయటికి పోలేదు.

కాకినాడ ఇంట్లో బ్యాగులోంచి దాన్ని తీస్తుంటే చిన్ని, "అమ్మా, ఇప్పుడొద్దే," అని గొణిగింది. బల్బు రెండు కన్నాల్లో వెలిగింది. మూడోదాంట్లో వెలగలేదు. ఓనరు విసుక్కుని, "ఇంత చిన్నదానికి రాద్ధాంతమేంటండీ, నచ్చకపోతే వేరే ఇల్లు చూస్కోండి," అన్నాడు. అప్పుడు చూశాను అతని కాళ్లకేసి. మమ్మల్ని గుమ్మం బయటే చెప్పులు విడవమన్న మనిషి, తను మాత్రం రబ్బరు చెప్పులతో ఇల్లంతా తిరుగుతున్నాడు.

"వెళ్తాం బాబూ," అన్నాను. "మా తర్వాత ఇంకొకళ్ల పిల్ల దిగుతుంది కదా, దానికోసం అడుగుతున్నాను. ఆ చెప్పులు విప్పి, ఒక్కసారి తలుపు తీసి చూపించండి."

అతను కదల్లేదు. నేనూ కదల్లేదు. చిన్ని నా చేతిలోంచి హోల్డరు తీసుకుని, వచ్చి నా పక్కన నిలబడింది.