మడిస్తే కలవని చేను

"మన లెక్కల సార్ పోయినారంట పాపా. మీ నాయనకు నువ్వే చెప్పు" అని మొన్న పొద్దున్నే చిన్నాయన ఫోన్ చేశాడు. నాయనా, చిన్నాయనా తిరుమణిలో ఎదురెదురు ఇళ్లలోనే ఉంటారు. ఏళ్లుగా మాటల్లేవు. ఆ గొడవకు మొదలు నేను. సార్ ఆ తప్పును తన మీద వేసుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

సరిహద్దు ఊరు కాబట్టి బడి కన్నడ మీడియమే అయినా సార్ మాకు తెలుగులోనే విడమరిచి చెప్పేవారు. ఏడో తరగతిలో సౌష్ఠవ రేఖలు నేర్పింది పాత క్యాలెండర్ కాగితాలతో. అంచులు కలిసేలా చతురస్రాన్ని నాలుగు రకాలుగా మడవచ్చు, సమబాహు త్రిభుజాన్ని మూడు రకాలుగా. జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. ఎవరైనా తప్పు చెబితే కొట్టేవారు కాదు. "నన్నేల అడుగుతావు, కాగితాన్ని అడుగుప్పా" అని నవ్వేవారు.

ఆ ఏడే సోలార్ కరెంటు కంపెనీకి భూములిచ్చే ముందు అన్నదమ్ములు చేను పంచుకున్నారు. మాది ఒక పక్కకు ఒరిగిన చేను, అచ్చం సమాంతర చతుర్భుజం. నక్షా మీద మూల నుంచి మూలకు నాయన గీత కొడితే, చెరో ముక్క అనుకున్నారు. నాకేమో కొత్తగా నేర్చిన తెలివి! నక్షాను ఆ గీత మీద మడిచి, "కలవలేదు చిన్నాయనా, రెండూ సమానం కాదు" అనేశాను.

చిన్నాయన ముఖం మాడిపోయింది. "నన్నే మోసం చేస్తివా అన్నా?" అన్నాడు. నాయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. అమ్మ నన్ను చూసి, "నీ నోట్లో మన్ను పడ" అని తిట్టింది.

మర్నాడు బడిలో ఏడుస్తూ చెబితే, సాయంత్రం సార్ ఇంటికే వచ్చారు. అన్నదమ్ములిద్దరినీ పిలిపించారు. చేను ఆకారాన్ని కాగితం మీద గీసి, గీత వెంట కత్తిరించి, ఒక ముక్కను మడవకుండా తిప్పి రెండోదాని మీద పెట్టారు. అంచుకు అంచు సరిపోయింది.

"మడిస్తే కలవదు, తిప్పితే కలుస్తాది. రెండూ సమానమేప్పా. పాప తప్పేం లేదు. మడిచేది చెప్పినా, తిప్పేది చెప్పలేదు. తప్పు నాది."

ఏడో తరగతి పిల్ల కోసం తప్పు నాదని ఒప్పుకున్న పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు. చిన్నాయన మాత్రం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సంతకాలయ్యాయి, చేను నిండా సోలార్ పలకలు లేచాయి, ఎవరి ముక్క ఏదో ఇప్పుడు మాకే తెలియదు. సార్ రిటైరయ్యాక కూడా రెండిళ్లకూ వచ్చి, "ఇంకా మాట్లాడుకోలేదా?" అని అడిగేవారు. నేను కనిపిస్తే, "ఆ పాఠం సగంలో ఆపింటి పాపా" అని బాధపడేవారు. 

నిన్న సార్ సొంతూరు నిడుగల్లులో ఆయనను మట్టి చేశారు. నాయన బండి మీద వెళ్లాడు, నేనూ చిన్నాయనా షేర్ ఆటోలో. తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయన ఆటో ఎక్కలేదు. నాయన బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్ మాట ఆ పొద్దే నమ్మినా అన్నా. చెప్పేకి నోరు రాలేదు. సార్ ఉన్నప్పుడన్నా చెప్పింటే బాగుండు."

 నాయన బండి ఎక్కి, సీటు మీద ముందుకు జరిగి, కాలు నేలకు ఆనించి ఆగాడు.