బావి నీళ్లని రాసిన కాగితం

మొన్న కింది అంతస్తులో ఉండే ఆరో తరగతి పాప ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి, ఖాళీలు పూరించడానికి సాయం చెయ్యమంది. ఒక రైతు తన తోటను ఇద్దరు కొడుకుల మధ్య ఏం చేశాడు, డివైడ్ చేశాడా, డిస్ట్రిబ్యూట్ చేశాడా, అలాట్ చేశాడా, షేర్ చేశాడా అని ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి మాటలే చెప్పి, ఇవాళ కర్నూలులో పింఛను తింటున్నదాన్ని, చిటికెలో చెప్పెయ్యాలి. కానీ పెన్సిలు పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాను. పాప తనే డివైడ్ అని రాసుకొని వెళ్లిపోయింది. సరైన జవాబే రాసింది.

నేను పాఠాలు చెప్పింది కోయిలకుంట్ల ఆడపిల్లల బడిలో. నా ఈడు టీచర్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లోంచి ఏది పట్టుకుపోతే అదే మనకు బోధనా పరికరం. నేను ఒక బెల్లం అచ్చూ, సంచెడు బొరుగులూ తీసుకెళ్లేదాన్ని. బెల్లం పగలగొట్టి ముక్కలు చేస్తే డివైడ్, బొరుగులు తలా గుప్పెడు అందిస్తే డిస్ట్రిబ్యూట్, ఫలానా బెంచీ ఫలానా పిల్లదని నేను తేల్చి చెబితే అలాట్. షేర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ముక్క చెయ్యకుండానే ఒక వస్తువు ఇద్దరిదీ ఎట్లా అవుతుందో చెప్పడానికి, బనగానపల్లె దగ్గరి మా మామిడితోట బావి కథ ఎత్తుకునేదాన్ని. పిల్లల ధ్యాసంతా బొరుగుల మీదే ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ బావి మా నాయనది. పక్క తోట సాయిబు మామకు అందులో ఏ హక్కూ లేకపోయినా, వారానికి రెండు దినాలు నీళ్లు ఆయన చెట్లకు పారేవి. ఎప్పుడు మొదలైందో, ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో మాకు తెలియదు, కాగితం మీద ఒక్క అక్షరం లేదు. తర్వాత ఆయన ఆ తోట అమ్ముకొని పట్నం వెళ్లిపోయేదాకా అట్లాగే సాగింది.

నాయన పోయాక అన్నా, తమ్ముడూ వేరుపడదామనుకున్నారు. మా ఇళ్లలో పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు భాగాలు చెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అన్న నిజంగా న్యాయంగానే గీత గీశాడు: ఒకవైపు బావి, దాని చుట్టూ కొద్దిపాటి చెట్లు, రెండోవైపు బావి లేదు గానీ, బాగా కాపుమీదున్న బేనిషా మామిడి చెట్లన్నీ అటే. తమ్ముడు ఎటూ తేల్చుకోలేక, మధ్యాహ్నం అన్నాల వేళ మా బడికి వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"నువ్వు సదువుకున్నదానివి అక్కా, నువ్వేది చెప్తే అదే కోరుకుంటా" అన్నాడు.

చెట్లు తీసుకోరా, నీళ్లు ఎట్లాగూ ఇద్దరివీ కదా అన్నాను. అంతటితో ఊరుకోక, రేపు మాటలు రాకుండా ఉండాలని కాగితం నేనే రాశాను. బావి నీళ్లు అన్నదమ్ములిద్దరూ దినం విడిచి దినం సమానంగా వాడుకోవలెను అని, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా. పంతులమ్మ రాసిందంటే ఇంక తిరుగులేదప్పా అని పెద్దమనుషులు మెచ్చుకుంటే నాకు ఎంత గర్వమో! ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొన్నేళ్లకు బావి ఎండిపోయింది. అన్న తన భాగంలో బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. తమ్ముడు తన వంతు రోజున వెళ్లి గేటువాల్వు తిప్పబోతే, అన్న చెయ్యి పట్టుకొని ఆపి, బావి నీళ్లని రాసుకుంటిమి గానీ బోరు నీళ్లని యాడ రాసుకుంటిమిరా అన్నాడట. తమ్ముడు వెనక్కి వచ్చి, తన భాగంలో రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే లేచింది.

సంగతి తెలిసి నేను బస్సెక్కి అన్న దగ్గరికి పరుగెత్తాను. నాయన పేరు ఎత్తాను, ఏడ్చాను, చేతులు కూడా పట్టుకున్నాను. అన్న విసుక్కోలేదు, కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించాడు. "కాగితం నేను రాసింది కాదు గదమ్మా, నువ్వు రాసిందే గదా" అన్నాడు. మజ్జిగ తాగి వచ్చేశాను.

తమ్ముడు మూడు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్లు తోలి చూశాడు. కొమ్మల చివర్లు ఎండడం మొదలై, మెల్లగా మొదళ్ల దాకా దిగింది. చివరికి చెట్లన్నీ కొట్టించి కోతమిల్లుకు తోలి, కర్నూలు పక్కన కల్లూరుకు వచ్చి, బండలు పాలిష్ పట్టే షెడ్డులో పనికి కుదిరాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా, నువ్వు చెప్పబట్టే కదా అక్కా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఏడాది అన్నకు పక్షవాతం వచ్చింది. మంచం మీద నుంచే ఒకరోజు ఫోను చేసి, నాలుక తిరగకపోయినా కూడబలుక్కుని చెప్పాడు.

"వానికి చెప్పమ్మా, వారానికి మూడు దినాలు నీళ్లు పెట్టుకొమ్మని. బోరులో ఇంకా ఉండాయి."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో! చెప్పులు సరిగ్గా తొడుక్కున్నానో లేదో, ఆటో ఎక్కి కల్లూరు చేరాను. తమ్ముడు అప్పుడే పని నుంచి వచ్చి, కొళాయి కింద మోచేతుల దాకా తెల్లటి దుమ్ము కడుక్కుంటున్నాడు. నేను చెప్పిందంతా విని, తువాలుతో చేతులు తుడుచుకొని, ఏ కోపమూ లేకుండానే అడిగాడు.

"చెట్లు యాడుండాయక్కా, నీళ్లు పెట్టేదానికి?"

నాకు తెలియదా చెట్లు లేవని! తెలిసే పరుగెత్తుకొచ్చాను. మా పెద్దల కాలంలో ఇంతకన్నా పెద్ద పంతాలే పట్టేవారు, ఏళ్లకేళ్లు మాటలు మానుకునేవారు, కానీ ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు మెత్తబడితే, తోట ఉన్నచోటే ఉండేది, మర్నాడు మళ్లీ పాదులు చేసుకునేవారు. ఇప్పుడు అన్న మెత్తబడ్డాడు, తమ్ముడికి కోపం లేదు, బోరులో నీళ్లూ ఉన్నాయి. ఆ నీళ్లు పెట్టడానికి తమ్ముడి భాగంలో ఒక్క పాదు లేదు.