మూడో వద్దు

విజయవాడలో చలికాలం అంటే ఫ్యాను ఐదు నుంచి రెండుకి తగ్గించడం. ఉత్తరాది నుంచి వచ్చి రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముకునేవాళ్ళు మా ఊరిని చూసి జాలిపడే ఉంటారు. అయినా డిసెంబరు వచ్చిందంటే మా ఆయన బీరువా అడుగు నుంచి ముదురాకుపచ్చ స్వెట్టరు బయటికి తీసేవారు. కలరా ఉండల వాసనతోనే దాన్ని తొడుక్కుని, ఆటోనగర్‌లో మా స్పేర్ పార్టుల షాపుకి బయల్దేరేవారు. పదింటికల్లా అది స్కూటరు డిక్కీలోకి పోయేది.

ఆ నెలన్నరే మాకు మనుషుల్ని ఇంటికి పిలిచే కాలం. ఏప్రిల్లో ఎవరినైనా భోజనానికి పిలిస్తే అది మర్యాద కాదు, శిక్ష. పటమటలో మా ఫ్లాటు హాల్లో ఇరవై మంది చేరితే మామూలు రోజుల్లో ఉడికిపోవాల్సిందే. డిసెంబరులో మాత్రం కిటికీలు తెరిచిపెడితే హాయిగా గాలి ఆడేది. పైగా ఆ రోజుల్లో కూరగాయలు కూడా మంచివి దొరికేవి. లేత చిక్కుడుకాయలు, పచ్చి బఠాణీలు, తెల్లగా గట్టిగా ఉండే కాలీఫ్లవరు. తేగలు కూడా అప్పుడే వచ్చేవి.

నా పెళ్ళైన కొత్తలో, తొంభైల మొదట్లో, ఏటా డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో విందు జరిగేది. మా ఆయన స్నేహితులు నలుగురు, వాళ్ళ కుటుంబాలు వచ్చేవాళ్ళు. బ్యాంకులో నా పక్క కౌంటరులో కూర్చునే ఆవిడ, ఆమె భర్త, పిల్లలు వచ్చేవాళ్ళు. హలాల్ చేయించిన కోడి మాత్రం ఆమె భర్తే తెచ్చి ఇచ్చేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగకుండానే ఆ ఏర్పాటు మొదటి ఏడే కుదిరిపోయింది. ముందు మగవాళ్ళు, పిల్లలు తినేవాళ్ళు. ఆ తర్వాత, విందుకొచ్చిన ఆడవాళ్ళు. ఆఖరున నేనూ మా అత్తగారూ.

మా అత్తగారిది గుడివాడ పక్క పల్లెటూరు. వడ్డనలో ఆమెను మించినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. "ఏం బాబూ, అన్నం మీద అలిగావా?" అని ఒకరిని, "ఈ ఒక్క ముద్దకే నిండిపోతుందా తల్లీ?" అని ఇంకొకరిని బుజ్జగిస్తూ వరస చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చేవారు. ఈ విషయంలో ఆమెకొక సిద్ధాంతం ఉండేది. మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు మొగమాటానికి, మూడో వద్దే నిజం. అందుకని మూడుసార్లు అడగందే ఎవరి విస్తరి దగ్గరా ఆమె అడుగు కదిపేవారు కాదు.

అందరూ తాంబూలాలు వేసుకుంటూ హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే, మేమిద్దరం వంటింట్లో కూర్చునేవాళ్ళం. ఒక ఏడాది గుత్తి వంకాయ కూర ఒక్క కాయ కూడా మిగలలేదు. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి ఆ కూర వండిన మనిషి, గిన్నె అడుగున అంటుకున్న అన్నం గీక్కుని, మజ్జిగ పోసుకుని, మాగాయ ముక్క నంజుకుని తిన్నారు. "కూర ఎలా కుదిరిందే?" అని నన్నే అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను, అందరి మీదా. ఆమె వచ్చినవాళ్ళతో కలిసి, హాల్లో, వేడి వేడిగా తినే రోజు తేవాలని ఆ పూటే పంతం పట్టాను.

దానికి నాకు దొరికిన ఉపాయం బఫే. అప్పట్లో ఏ వారపత్రిక ఆడవాళ్ళ పేజీ చూసినా అదే. అన్నీ బల్ల మీద పెట్టేస్తే ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు, ఇంటివాళ్ళూ అతిథులతో పాటే తినొచ్చు అని రాసేవాళ్ళు. నాకింకేం కావాలి? పింగాణీ డిన్నర్ సెట్టు కొన్నాను. టమాటా తొక్కని గులాబీలా చుట్టడం నేర్చుకున్నాను. కాగితం రుమాళ్ళను విసనకర్రల్లా మడిచి గ్లాసుల్లో నిలబెట్టాను. అంచు బావుందని దాచుకున్న పాత మంగళగిరి చీరని డైనింగ్ టేబుల్ మీద పరిచాను.

"బల్లకి చీర కట్టావా?" అన్నారు అత్తగారు. "మరి జాకెట్టు?"

ఇక ఉలవచారు సంగతి. దాన్ని చిన్న గాజు కప్పుల్లో పోసి, పైన చెంచాడు మీగడ తేల్చి, సూప్ లాగా ముందే ఇవ్వాలని నా ఆలోచన. అత్తగారు ఆ కప్పుల వరసని చాలాసేపు చూశారు. "మా ఊళ్ళో ఉలవలు ఉడికించి ఎడ్లకి పెట్టేవాళ్ళం. ఆ నీళ్ళతో చారు కాచుకునేవాళ్ళం. ఆ ఎడ్లు చూస్తే ఎంత మురిసిపోయేవో," అన్నారు. తేగలు ఉడకబెట్టి, వేలెడంత ముక్కలు చేసి, మిరియాల పొడి చల్లి పళ్ళెంలో గుండ్రంగా పేర్చినప్పుడు మాత్రం ఒక ముక్క తీసుకుని నమిలి తల ఊపారు.

ఆ సాయంత్రం ఇల్లు చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఉలవచారు కప్పులు చూసి నవ్వి, తాగి, ఇంకాస్త నవ్వారు. తర్వాత ప్లేట్లు పట్టుకుని బల్ల చుట్టూ ఒక్కసారి తిరిగి, తలో మూల నిలబడి తిన్నారు. నేనూ ప్లేటు పట్టుకుని అందరి మధ్యా తిరిగాను. "తినండి, తినండి," అన్నాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, తర్వాత తింటాలే అన్నారు. అందరూ తొందరగానే ముగించి, చాలా బావుందండీ అని చెప్పి వెళ్ళిపోయారు.

గిన్నెల మూతలు తీసి చూస్తే పులావు సగానికి పైగా ఉంది. కోడి కూర ఉంది. గుత్తి వంకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా వంట ఎవరికీ నచ్చలేదనుకున్నాను. అత్తగారు మిగిలినవి చిన్న గిన్నెల్లోకి సర్దారు.

మర్నాడు బ్యాంకులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక, నా పక్క కౌంటరావిడ కాసేపు అటూ ఇటూ చూసింది.

"మీకొక మాట చెప్పాలండీ. ఏమీ అనుకోకూడదు."

"చెప్పండి."

"నిన్న మీ ఇంటి నుంచి వెళ్తూ బందరు రోడ్డు మీద పునుగుల బండి దగ్గర ఆగామండీ."

"పిల్లలకా?"

"అందరికీ. అక్కడ మీవారి ఫ్రెండ్స్ రెండు ఫ్యామిలీలు ముందే ఉన్నాయి. మీకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. నాకు పొద్దుటి నుంచి మనసు ఆగట్లేదు."

నా మొహం ఎలా మారిందో గానీ, ఆమె గబగబా నా చెయ్యి పట్టుకుంది. "వంట బాలేక కాదండీ, మీ మీద ఒట్టు. తినండి తినండి అన్నారు గానీ ఎవరూ వెయ్యలేదు కదా. ఒకసారి పెట్టుకున్నాక, మనంతట మనం మళ్ళీ వెళ్ళి ఎలా పెట్టుకుంటామండీ? పిన్నిగారేమో గుమ్మంలోంచి కదల్లేదు. వంకాయ వైపు చూస్తూనే చెయ్యి కడిగేశాను."

నేను ఇంత ఖర్చు, ఇంత హడావిడి చేసి, వచ్చినవాళ్ళని అర్ధాకలితో పునుగుల బండికి పంపానన్నమాట. ఇంటికెళ్ళి ఆ కోపం అత్తగారి దగ్గర వెళ్ళగక్కాను. ఆమె కూర్చున్న చోటే కడుపు పట్టుకుని నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది కన్నబిడ్డలకి. వచ్చినవాళ్ళు ఎక్కడైనా అడుగుతారటే? మనం అడగాలి," అన్నారు.

మరుసటి డిసెంబరుకి రాజీ కుదిరింది. బల్ల, చీర, గులాబీలు, గాజు కప్పులు నావి. గరిటె ఆమెది. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గరిటె పట్టుకుని ఆమె హాలంతా తిరిగేవారు. మనుషులు ఏ మూల నిలబడి తింటున్నా వదిలేవారు కాదు. బాల్కనీలోకి తప్పించుకున్న మా ఆయన స్నేహితుడిని అక్కడికే వెళ్ళి పట్టుకుని రెండు వంకాయలు వేశారు. ఇక పునుగుల బండివాడికి మావాళ్ళ బేరం పోయినట్టే.

అలా ఏళ్ళు గడిచాయి. అవి మంచి ఏళ్ళు. ఉలవచారు కప్పులు మా స్నేహితుల ఇళ్ళన్నిటికీ పాకాయి. ఎవరింటికెళ్ళినా మీగడ తేలుతూ అదే ఎదురొచ్చేది, నేను లోలోపల పొంగిపోయేదాన్ని. ఒక ఏడు రంజాను నెల డిసెంబరులో వచ్చింది. మా బ్యాంకు స్నేహితురాలి కోసం విందుని ఉపవాసం విడిచే వేళకి జరిపాం. ఖర్జూరాలు ముందుగా బల్ల మీద పెట్టి, అందరం గడియారం చూస్తూ కూర్చున్నాం. పిల్లలు కూడా గొంతెత్తలేదు. ఆమె మొదటి ఖర్జూరం నోట్లో పెట్టుకోగానే మా అత్తగారు గరిటెతో లేచారు.

ఇన్ని మంచి మాటలు రాస్తూ ఒకటి దాటవేస్తున్నాను. బఫే నన్ను కూర్చోబెట్టింది, ఆమెను నిలబెట్టేసింది. పాత పద్ధతిలో ఆఖరున కనీసం ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఇప్పుడు నేను హాల్లో అందరితో నవ్వుతూ తినేసేదాన్ని. ఆమె ఒక్కరే వంటింట్లో, మజ్జిగా మాగాయా. నేను దేనికోసం పంతం పట్టానో అది తప్ప అన్నీ జరిగాయి. తిన్నారా అని ఏటా అడిగాను. తింటాలే అని ఏటా అన్నారు. ఆ జవాబుతో నేను సరిపెట్టుకున్నాను. నాకది సులువుగా ఉండేది, అంతే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండువేల నాలుగో ఐదో, ఆ చలికాలానికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పారు. ఈ ఏటికి విందు మానేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. కూర్చుని గుత్తి వంకాయల్లోకి కారం కూరి ఇచ్చారు, కూర్చునే తాలింపు ఎంత వేగాలో చెప్పారు. సాయంత్రం హాల్లో బల్ల పక్కన ఆమెకు పేము కుర్చీ వేశాం. గరిటె నా చేతికొచ్చింది.

మూడుసార్లు అడగడం నాకు చేతకాలేదు. ఒకసారి అడిగి, వద్దంటే నిజమే అనుకుని పక్కవాళ్ళ దగ్గరికి పోయేదాన్ని. కుర్చీలోంచి అత్తగారు, "అప్పుడే వదిలేశావేం? మళ్ళీ అడుగు," అంటూ ఉండేవారు. అందరూ నవ్వుతున్నారు. నవ్వనిది నా బ్యాంకు స్నేహితురాలు ఒక్కతే. ఆమె తన ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టి, శుభ్రమైన ప్లేటు ఇంకొకటి తీసుకుంది. అందులో వేడన్నం, ఉలవచారు, ఒక వంకాయ వేసి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"నాకిప్పుడెందుకమ్మా? అందరూ తిన్నాక తింటాను."

"అందరూ తింటున్నారు పిన్నిగారూ. మీరొక్కరే మిగిలారు."

వంటింట్లోకి వెళ్ళిపోవడానికి కాళ్ళు సహకరించవు. కొంతసేపు ప్లేటుని అలాగే చూసి, అన్నం కలిపారు. మొదటి ముద్ద తింటూ ఎవరైనా ఏమన్నా అంటారేమో అన్నట్టు అటూ ఇటూ చూశారు. బాల్కనీ గుమ్మంలో మా ఆయన నిలబడి చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్తే, "మా అమ్మ అన్నం తినడం నేనెప్పుడైనా చూశానా?" అని మెల్లగా అడిగారు.

అత్తగారి ప్లేటులో కూర అయిపోవచ్చింది. నా స్నేహితురాలు నా చేతిలోంచి గిన్నే గరిటే తీసుకుంది.

"ఇంకొకటి వేస్తాను పిన్నిగారూ."

"వద్దమ్మా, చాలు."

"ఒక్క కాయకేమవుతుందండీ? మీరు కూరిన కారమే కదా."

"వద్దంటుంటే."

హాల్లో అందరికీ ఆమె సిద్ధాంతం తెలుసు. తలలన్నీ ఇటు తిరిగాయి. నా స్నేహితురాలు ఒక అడుగు వెనక్కి వేసి గరిటె నాకిచ్చింది. "మూడోది మీరడగాలండీ," అంది.

ఆ ఇంట్లో పన్నెండేళ్ళకి పైగా ఆమె చేతి కూడు తిన్నాను. ఇంకాస్త వేయించుకోండి అని ఒక్కసారి కూడా ఆమెను అడిగిన గుర్తు లేదు. గిన్నెలోంచి ఒక కాయ గరిటెలోకి తీసుకున్నాను.

"ఇంకొక్కటి వేయించుకోండి అత్తయ్యగారూ."

ఆమె నా మొహంలోకి చూశారు. రెండు చేతులతో ప్లేటు ఎత్తి నా ముందు పట్టారు.